తలుపు ఎత్తి వెయ్యాల్సి వస్తే: పాతికేళ్ళ మారుతి 800కి ఇంటి దగ్గరే హింజిలు మార్చిన కేసు

మాస్టారి కారు 1999 మోడల్ మారుతి 800. తెల్లది, కొన్న దగ్గర్నుంచీ ఒకే చేతిలో ఉన్న బండి. విశాఖ ఎంవీపీ కాలనీలో వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద ఉంటుంది. వారానికి రెండుసార్లు బయటికొస్తుంది, ఒకసారి రైతుబజారుకి, ఒకసారి సింహాచలం కొండకి. సంక్రాంతి వెళ్ళిన వారం ఆయన ఫోన్ చేసి, "బాబూ, ఎడమ వైపు ముందు తలుపు లాక్ పోయింది. వచ్చేటప్పుడు కొత్త లాక్ పట్టుకొచ్చెయ్" అన్నారు.

లాక్ కొనకుండానే వెళ్ళాను. ఇరవై ఏళ్ళకి పైగా బాడీ పని చేస్తున్నాను. "తలుపు పడట్లేదు" అంటూ వచ్చిన పాత బళ్ళలో నిజంగా లాక్ పోయినవి చాలా తక్కువ. తలుపు దిగిపోయి ఉంటుంది. లాక్ రావాల్సిన చోటికి రాదు, అందుకని పట్టుకోదు.

మాస్టారి భార్య, అమ్మగారు, తలుపు వేసి చూపించారు. హ్యాండిల్ కింద ఒక చెయ్యి పెట్టి తలుపుని కాస్త పైకి ఎత్తి, రెండో చేత్తో గట్టిగా తోశారు. ముందు కర్రుమని గీసుకున్న చప్పుడు, ఆ తర్వాతే టక్కుమని పడింది. "చాన్నాళ్ళుగా ఇంతే బాబూ, అలవాటైపోయింది" అన్నారావిడ. ఎత్తి వెయ్యాల్సిన తలుపు అంటే నాకు సగం కథ తెలిసిపోయినట్టే. మిగతా సగం స్ట్రైకర్ చెప్పింది.

స్ట్రైకర్ అంటే మధ్య పిల్లరుకి, అంటే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలువు స్తంభానికి, ఉండే కొంకి. తలుపు వేసినప్పుడు లాక్ వచ్చి దాన్నే పట్టుకుంటుంది. టార్చి వేసి దగ్గరగా చూశాను. స్ట్రైకర్ ప్లేటు పై అంచుకి మీదుగా, గోరు చివరంత వెడల్పున ఒక తెల్ల పట్టీ ఉంది. చుట్టూ రంగు పసుపు తిరిగిపోయి ఉంటే, ఆ పట్టీ మటుకు షోరూం నుంచి అప్పుడే వచ్చినంత తెల్లగా ఉంది. ఎండా ఉప్పుగాలీ ఎప్పుడూ తగలని రంగు. అంటే కంపెనీలో బిగించినప్పుడు ప్లేటు అక్కడ ఉండేది, తర్వాత ఎవరో కిందికి జరిపారు. స్కేలు పెట్టి కొలిస్తే 4 మిల్లీమీటర్లు.

మాస్టారిని అడిగితే గుర్తు చేసుకున్నారు. మూడేళ్ళ కిందట ఒక చోట చూపిస్తే ఐదు నిమిషాల్లో సరిచేసి ఇచ్చారట. ఆ ఐదు నిమిషాల పని ఇదే. తలుపు కిందికి దిగింది కాబట్టి కొంకిని కూడా దించేశారు. తలుపు పడింది, కస్టమరు వెళ్ళిపోయాడు. లోపల అరుగుదల మాత్రం ఆగలేదు, ఇంకొంచెం దిగాక మళ్ళీ పడటం మానేసింది. ఈలోగా తలుపు కింది అంచు రన్నింగ్ బోర్డు మీద రంగు గీకేసింది. తలుపు చుట్టూ నీళ్ళు రాకుండా ఉండే బీడింగ్ రబ్బరు కింద నలిగిపోయి, పైన ఆనకుండా వదిలేసింది. వానాకాలం ఎడమ వైపు మ్యాట్ కింద నీళ్ళు నిలిచేవని అమ్మగారు చెప్పింది అందుకే. ఈ పద్ధతి మీద నాకు నిజంగా కోపం. దిగిన తలుపుకి స్ట్రైకర్ ముట్టుకోవడం అంటే జ్వరం ఎంతుందో చూడకుండా దుప్పటి కప్పడమే. స్ట్రైకర్ ఆఖర్న ముట్టుకోవాలి.

ఆట ఎక్కడుందో పట్టుకోవడం

తలుపు దిగిందంటే హింజి, అంటే తలుపుని బండికి పట్టి ఉంచే కీలు, అరిగిందని వెంటనే అనుకోకూడదు. ఆట అంటే ఉండకూడని వదులు కదలిక, అది మూడు చోట్ల ఉండొచ్చు. హింజి పిన్నులో ఉండొచ్చు, బోల్టులు వదులై హింజి ఆకే (పిన్నుకి అటూ ఇటూ ఉండే పలక) ముందు పిల్లరు మీద జారుతుండొచ్చు, లేదా పిల్లరు రేకు చిట్లి ఊగుతుండొచ్చు. మూడోది అయితే కొత్త హింజి వేసి ఉపయోగం లేదు, వెల్డింగ్ పని. సముద్రం పక్క ఊళ్ళో ఇరవై ఏళ్ళు దాటిన బండికి ఈ మూడో అనుమానం తీర్చుకోకుండా స్పానర్ పట్టుకోకూడదని నా నియమం.

తలుపుని ఒక అడుగు తెరిచి, మా మేనల్లుణ్ణి వెనక అంచు దగ్గర నిలబెట్టి మెల్లగా ఎత్తమన్నాను, దించమన్నాను. నేను చూపుడు వేలు పై హింజి మీద, సగం కదిలే ఆకు మీద, సగం కదలని ఆకు మీద ఆనించి పెట్టాను. కంటికి దొరకని కదలిక వేలికి దొరుకుతుంది. వాడు ఎత్తినప్పుడల్లా వేలి కింద ఒక మెట్టు లేచింది, దించితే పోయింది. పిన్ను చుట్టూ సన్నటి తుప్పుపొడి కాఫీపొడిలా రాలుతోంది. అదే వేలిని ఆకుకీ పిల్లరుకీ మధ్య పెడితే ఏ కదలికా లేదు. బోల్టుల చుట్టూ రంగు పగల్లేదు. లోపల రేకు మీద టార్చి వేశాను, చీలిక లేదు. కింది హింజిలోనూ ఆట ఉంది గానీ తక్కువ. పైదాన్లో మిల్లీమీటరుకి కొంచెం ఎక్కువ, కిందిదాన్లో అర మిల్లీ లోపు, కలిపి ఒకటిన్నర అనుకోవచ్చు.

"ఒకటిన్నర మిల్లీమీటర్లకే తలుపు ఇంత దిగుతుందా?" అన్నారు మాస్టారు. ఆయన నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, టేపు ఆయన చేతికే ఇచ్చాను. రెండు హింజిల మధ్య దూరం సుమారు 34 సెంటీమీటర్లు. హింజి నుంచి లాక్ దాకా 92. ఆయన పాత కరెంటు బిల్లు వెనక త్రిభుజం గీసుకుని, 92ని 34తో భాగించి, 2.7 వచ్చిందన్నారు. హింజి దగ్గర ఒక మిల్లీ అరిగితే లాక్ దగ్గర 2.7 మిల్లీలు దిగుతుంది. ఒకటిన్నరకి 4 పైనే. తలెత్తి స్ట్రైకర్ మీది తెల్ల పట్టీ వైపు చూశారు. నేనేమీ అనలేదు, లెక్క అక్కడే కనపడుతోంది.

నాకు ఒక సంగతి అంతుపట్టలేదు. మామూలుగా ముందు అరిగేది డ్రైవరు తలుపు, ఎందుకంటే ప్రతిసారీ తెరిచేది అదే. ఈ బండిలో కుడి తలుపు దాదాపు బాగుంది, ఎడమది పోయింది. కారణం ఆ మధ్యాహ్నం అమ్మగారు కారు దిగినప్పుడు తెలిసింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు బయట పెట్టి, తెరిచిన తలుపు పై అంచు రెండు చేతులతో పట్టుకుని, ఒళ్ళంతా దాని మీద వేసి లేచారు. తలుపు చివర పడే ఆ బరువు పై హింజిని బయటికి లాగుతుంది, కింది హింజిని లోపలికి నొక్కుతుంది. దానికి తోడు అపార్ట్‌మెంట్ ర్యాంపు. కారు ముక్కు పల్లానికి ఉండగా తలుపు తీస్తే అది విసురుగా ముందుకెళ్ళి, తలుపుని హద్దు దాటకుండా ఆపే డోర్ స్టాపర్ మీద పడుతుంది. బీచ్ రోడ్డులో సాయంత్రం గాలి వెనక నుంచి కొట్టినా అంతే. స్టాపర్ పల్లు కూడా అరిగిపోయి ఉంది, తలుపుని పట్టి ఆపట్లేదు. ఆపని దెబ్బంతా హింజికే తగులుతుంది. అందుకని హింజిలతో పాటు స్టాపర్ కూడా మార్చాలని అప్పుడే చెప్పేశాను.

ఏది మార్చాలి, ఏది వద్దు

ఇలాంటి తలుపుకి షెడ్లలో మూడు వైద్యాలున్నాయి. ఒకటి, హింజి సందులో చెక్కముక్క పెట్టి తలుపుని నొక్కడం, లేదా వెనక అంచు కింద జాకీ పెట్టి ఎత్తడం. ఆకు వంగి తలుపు పైకొస్తుంది, ఆట మాత్రం అలాగే ఉంటుంది. ఒక్కోసారి పిల్లరు రేకే వంగుతుంది. నేను చెయ్యను. రెండోది, అరిగిన కన్నాన్ని లేతు మీద గుండ్రంగా పెద్దది చేయించి, దానికి సరిపడా లావు పిన్ను కొట్టడం. కొత్త హింజి దొరకని బండికి ఇది మంచి పని, ఓపికగా చేసే టర్నరు దొరకాలి. మూడోది కొత్తది వెయ్యడం. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా సామాను ఇంకా దొరుకుతోంది కాబట్టి ఇక్కడ మూడోదే సరైంది.

గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళి తెచ్చాను. హింజిని షాపులోనే చూసుకోవాలి, ఇంటికొచ్చాక కాదు. నాకు మొదట ఇచ్చిన జతలో కొత్తగా ఉండగానే పిన్ను లొడలొడలాడింది. వెనక్కిచ్చేశాను. ఒక ఆకుని గుప్పిట్లో బిగించి, రెండోదాన్ని మడత పడే వైపు కాకుండా పక్కలకి ఊపాలి, ఏమాత్రం ఊగినా వద్దు. మడత మాత్రం బిగువుగా, ఒకే తీరుగా కదలాలి. పాతదాని ఫోటో పక్కన పెట్టి కన్నాలు సరిపోతున్నాయో లేదో చూడాలి. పైదీ కిందిదీ ఒకటి కాదు, కుడిదీ ఎడమదీ ఒకటి కాదు. రెండో షాపులో దొరికిన జత బాగుంది. బోల్టులు కూడా కొత్తవే తీసుకున్నాను, 8 మిల్లీ, 8.8 గ్రేడు. పాతికేళ్ళు ఉప్పుగాలిలో ఉన్న బోల్టుని మళ్ళీ బిగించడం నాకిష్టం లేదు.

పని

ముందు రోజు సాయంత్రమే వెళ్ళి బోల్టులన్నిటికీ రస్ట్ స్ప్రే కొట్టి, చిన్న సుత్తితో ఒక్కొక్క తల మీద నాలుగు దెబ్బలు వేసి వదిలేశాను. రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు పొద్దున్న పార్కింగ్‌లో చదునైన చోటికి కారు తోసి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైర్లకి ఇటుకలు పెట్టాం. ర్యాంపు మీద ఈ పని చెయ్యకూడదు. బండి వాలుంటే తలుపు బరువు ఒక పక్కకి లాగుతుంది, సందులు ఎప్పటికీ కుదరవు.

తలుపు అద్దం పైకి ఎక్కించాం. కొన్నాక ఎప్పుడో తలుపులోకి లాగిన స్పీకరు వైరు ఒకటి ఉంది, దాన్ని విప్పి పక్కన పెట్టాం. ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) వెనక అంచుకీ, తలుపు ముందు అంచుకీ, రన్నింగ్ బోర్డుకీ మాస్కింగ్ టేపు రెండు వరసలు వేశాం. ఆ తర్వాత స్ట్రైకర్ పూర్తిగా విప్పి జేబులో వేసుకున్నాను. ఇది చాలామంది చెయ్యరు, కానీ ఈ పని అంతా దీని మీదే నిలబడుతుంది. కొంకి ఉంటే తలుపు మూసిన ప్రతిసారీ అది తలుపుని తన వైపు లాక్కుంటుంది, హింజి నిజంగా ఎక్కడ నిలబెడుతోందో మనకి తెలియదు. కొంకి తీసేస్తే తలుపు తన బరువుతో తను వేలాడుతుంది, ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

సందులు కొలవడానికి పాత ఏటీఎం కార్డులు వాడతాను. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ఏ బ్యాంకుదైనా అంతే. కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి సందులోకి దూర్చి లెక్కపెట్టడమే. పని ముందు ఎడమ ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య పైన నాలుగు కార్డులు పట్టాయి, కింద ఎనిమిది. కుడి వైపు, బాగున్న తలుపు దగ్గర, పైనా కిందా ఆరే. మాస్టారు ఈ అంకెలన్నీ అదే కరెంటు బిల్లు మీద రాసుకున్నారు.

పాత ఆకుల చుట్టూ సన్నటి మార్కరుతో గీత గీశాను, పిల్లరు వైపూ తలుపు వైపూ. హింజిలని ఎవరూ కదపలేదు కాబట్టి ఆ గీతే కంపెనీ పెట్టిన చోటు. తలుపు కింద ట్రాలీ జాకీ, దాని మీద చెక్క, చెక్క మీద నాలుగు మడతల పాత దుప్పటి. జాకీ తలుపు బరువు మొయ్యడానికే గానీ తలుపుని ఎత్తడానికి కాదు. దుప్పటి నలిగే దాకా ఎక్కించి ఆపాలి. మారుతి తలుపుని ఒక మనిషి ఎత్తగలడు, కానీ ఎత్తి పట్టుకుని మిల్లీమీటరు కదలకుండా ఉండలేడు. జాకీ, దాని పక్కన ఒక మనిషి, రెండూ కావాలి.

రెండు హింజిలూ ఒకేసారి విప్పకూడదు. పైది మార్చేటప్పుడు కిందిది తలుపుని దాని చోట పట్టుకుని ఉంటుంది, కిందిది మార్చేటప్పుడు కొత్త పై హింజి పట్టుకుంటుంది. అలా చేస్తే తలుపు తన చోటు మరిచిపోదు.

తలుపు వైపు బోల్టులు 12 నంబరు సాకెట్‌తో సులువుగానే వచ్చాయి. పిల్లరు వైపు స్పానర్ తిరగడానికి చోటు చాలక ఫెండర్ వెనక బోల్టులు కాస్త వదులు చేసి ఇవతలికి జరపాల్సి వచ్చింది. అక్కడ ఒక బోల్టు పట్టేసింది. మేనల్లుడు "మావయ్యా, పైపు తగిలించి లాగెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. పైపు పెట్టి లాగితే తల విరిగి మొండెం పిల్లరులో ఉండిపోతుంది, అప్పుడు డ్రిల్లు కొట్టాల్సిందే. పట్టేసిన బోల్టుని ముందు బిగించే వైపు ఒక్క నూలంత కదపాలి, తర్వాత వదిలే వైపు. మళ్ళీ స్ప్రే, మళ్ళీ అటూ ఇటూ. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక దశలో సన్నగా కీచుమంది, ఆ చప్పుడు విన్నాక ఊపిరి పీల్చుకున్నాను. బోల్టు బయటికొచ్చింది గానీ చివరి మరలు ఎర్రగా తినేసి ఉన్నాయి. లోపల నట్టు మరలోకి కొత్త బోల్టు చేత్తో తిప్పితే రెండు చుట్లు వెళ్ళి ఆగిపోయింది. అక్కడ బలవంతం చేస్తే మర మొత్తం పోతుంది. 8 మిల్లీ, 1.25 పిచ్ ట్యాపుకి (మరలు కోసే పనిముట్టు) నూనె రాసి, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి వేస్తూ మర శుభ్రం చేశాను. తర్వాత కొత్త బోల్టు వేళ్ళతోనే చివరిదాకా వెళ్ళింది. 

పాత పై హింజిని చేతిలో పట్టుకుని వెలుతురుకి పెడితే పిన్నుకీ కన్నానికీ మధ్య సందులోంచి వెలుగు కనపడింది. కన్నం కోడిగుడ్డులా కోలగా సాగిపోయింది. మాస్టారు దాన్ని అడిగి తీసుకున్నారు. ఇప్పటికీ ఆయన టేబులు మీద పేపర్‌వెయిట్‌గా ఉంది.

హింజి తీసిన చోట పిల్లరు మీద గుండ్రటి తుప్పు మచ్చలు రెండు. గోరుతో గీకితే పైపైనే ఉంది, రేకు తినలేదు. ఎమిరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమరు రెండు పూతలు వేసి, ఆరే దాకా టీ తాగాం. మన ఊళ్ళో ఈ గంట మిగుల్చుకోవాలని చూడకూడదు. ఉక్కు బయటపడ్డ చోటల్లా సముద్రం గాలి మర్నాటికే ఎర్ర పూత వేస్తుంది, అది కొత్త హింజి వెనక దాక్కుని పని చేస్తుంది.

కొత్త హింజిని గీత మీద సరిగ్గా కూర్చోబెట్టి బోల్టులు చేత్తో బిగించాను, స్పానర్ తర్వాత. కిందిదీ అలాగే. రెండూ పడ్డాక జాకీ మెల్లగా దించి తలుపు మూశాం. కొంకి లేదు కాబట్టి మెత్తగా వెళ్ళి ఆగింది. కార్డులు పెడితే పైన ఐదు, కింద ఏడు. గీతల మీద పెట్టినంత మాత్రాన చాలా మటుకు కుదిరింది, ఒక కార్డు తేడా మిగిలింది. బోల్టు హింజిల్లో సాధారణంగా పిల్లరు వైపు బోల్టులు వదులు చేస్తే తలుపు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. తలుపు వైపువి వదులు చేస్తే లోపలికీ బయటికీ వస్తుంది. పై హింజి పిల్లరు బోల్టులు పావు చుట్టు వదిలి, తలుపు వెనక అంచు కింద జాకీ ఒక్క దమ్ము ఎక్కించి, మళ్ళీ బిగించాను. ఆరు, ఏడు. ఇంకోసారి. ఆరు, ఆరు. ఆ తర్వాతే టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే స్పానర్) పెట్టి 25 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించేశాను. బిగించాక మళ్ళీ కార్డులు పెట్టి చూడాలి, బిగుసుకునేటప్పుడు ఆకు జరగొచ్చు. జరగలేదు.

ఇప్పుడు జేబులోంచి స్ట్రైకర్ తీశాను. తలుపు మెల్లగా దగ్గరికి తెచ్చి లాక్ నోరు ఎక్కడికొస్తోందో చూస్తే, ప్లేటు ఆ తెల్ల పట్టీని సరిగ్గా కప్పేసే చోటికి వచ్చింది. 1999లో ఉన్న చోటికే. స్క్రూలు బిగించాను. "అమ్మగారూ, ఇప్పుడు వెయ్యండి" అన్నాను. ఆవిడ అలవాటు ప్రకారం హ్యాండిల్ కింద చెయ్యి పెట్టారు. "ఎత్తొద్దమ్మా, తోసి వదిలెయ్యండి." తోశారు. ఒక్క టక్. మళ్ళీ తెరిచి మళ్ళీ వేశారు. అలా ఓ ఐదారుసార్లు వేసి చూసుకున్నారు. అసలు లాక్‌లో ఏ తప్పూ లేదు, కొంచెం గ్రీజు రాశాను, అంతే.

బీడింగ్ పరీక్షకి న్యూస్‌పేపరు ముక్కలు చాలు. తలుపు సందులో అడుగుకొకటి పెట్టి మూసి, ఒక్కొక్కటీ లాగాలి. కాస్త బిగువుగా రావాలి. కింద ఒక మూల, మూడేళ్ళు నలిగిన రబ్బరు దగ్గర, కాగితం ఊరికే జారిపోయింది. ఆ బీడింగ్ మార్చక తప్పలేదు. తలుపు అడుగున నీళ్ళు పోయే కన్నాలు మట్టితో పూడిపోయి ఉంటే పుల్లతో పొడిచి తీశాం. పైపుతో నీళ్ళు కొడితే లోపలికి చుక్క రాలేదు. కొత్త స్టాపర్ వేశాం, ఫెండర్ బోల్టులు బిగించాం, బోల్టు తలల మీద ప్రైమరు, దాని మీద తెల్ల రంగు తాకించాం.

మిగిలింది అమ్మగారు దిగే పద్ధతి. అది మారకపోతే కొత్త హింజికీ అదే గతి. తలుపు పట్టుకోకుండా కారు పై అంచు పట్టుకుని లేవమన్నాను. ఎత్తు సరిపోలేదు. మాస్టారే ఆలోచించి, ముందు సీటు మీద రెండంగుళాల గట్టి దిండు వేశారు. సీటు కాస్త ఎత్తయింది, లేవడానికి తలుపు మీద బరువు వెయ్యక్కర్లేకుండా పోయింది. ర్యాంపు మీద కాకుండా గేటు దాటి చదునులో కారు ఆపి ఎక్కించుకుంటున్నారు.

వానలు మొదలయ్యాక జులైలో ఒకసారి వెళ్ళి చూశాను. కార్డులు ఆరు, ఆరు. మ్యాట్ కింద పొడిగా ఉంది. వేలు పెట్టి ఎత్తి చూస్తే పై హింజిలో కదలిక లేదు. పిన్ను మీద గ్రీజు మాత్రం గాలికి ఎండిపోయి పొరలా లేచింది, తుడిచి కొత్తది రాశాను. ఆరు నెలలకోసారి రాసుకోమని చెప్పి, చిన్న డబ్బా ఇచ్చి వచ్చాను. అక్కడున్నప్పుడే కుడి తలుపు కూడా ఎత్తి చూశాను. దాని పై హింజిలో సన్నగా ఆట మొదలైంది. దసరా వెళ్ళాక అది విప్పుదామని మాస్టారితో అనుకున్నాం.